ఆస్పత్రికి వెళ్లినా నాగాయేనా?

గోదావరిఖని: బొగ్గుబాయిలో పనిచేసే మనిషికి జబ్బు చేస్తే చూపించుకోవడానికి సంస్థ ఆస్పత్రి ఉంది. మంచం పడితే జీతంతో కూడిన సిక్ లీవు ఉంది. జబ్బు పెద్దదైతే హైదరాబాద్‌కు రిఫర్ చేసే ఏర్పాటూ ఉంది. లేనిదల్లా ఒక్కటే. ఉన్న జబ్బు ముదరకుండా డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చే ఆ ఒక్క రోజుకు మస్టర్ పుస్తకంలో పేరు లేదు. ఆ రోజు సెలవు కాదు, సిక్ కాదు, డ్యూటీ అంతకన్నా కాదు. చివరికి అది ‘నాగా’గా మిగులుతోంది.

ఒక నాగాతో ఎవరి కొంపా మునగదు. కానీ నెలకొకటి, రెండు చొప్పున పోగుపడిన నాగాలే చార్జిషీటులో అంకెలవుతాయి. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల బొగ్గుబెల్టులో, రామగుండం నుంచి శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి వరకు, కార్మికులకూ గని అధికారులకూ మధ్య రోజూ నలిగే తగాదాల్లో ఇదొకటి. జిల్లాలు 2016లో ముక్కలై గోదావరిఖని పెద్దపల్లి జిల్లాలోకి, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి మంచిర్యాల జిల్లాలోకి వెళ్లాయి గానీ తగాదా మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

చీటీ ఏది?

భూగర్భ గనిలో పదిహేనేళ్లుగా పనిచేస్తున్న ఒక ట్రామర్‌కు రక్తపోటు, మధుమేహం రెండూ ఉన్నాయనుకుందాం. మాత్రలు మింగుతూ పనికి వెళ్తున్నాడు. మంచం పట్టలేదు కనుక రికార్డుల్లో అతను రోగి కాడు. అయినా తరచూ రక్తపరీక్ష, కొన్ని నెలలకోసారి పెద్ద డాక్టరు, ఏడాదికోసారి కంటి పరీక్ష తప్పవు. మొదటి షిఫ్టు పడిన వారం డిస్పెన్సరీ తెరిచే వేళకు అతను బాయిలో ఉంటాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన ఉదయం వెళ్లవచ్చు. కానీ పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకు మరోసారి రక్తమిచ్చి, రిపోర్టు చేతికందే దాకా కూర్చుని, డాక్టరుకు చూపించి ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతుంది. ఆ రాత్రే మళ్లీ బాయి దిగాలి. నిద్రలేని మనిషి టబ్బుల మధ్య పనిచేయడం ఎంత ప్రమాదమో బాయిపని తెలిసిన వారికి చెప్పనక్కరలేదు. అందుకే ఆ షిఫ్టు వదులుకుంటాడు.

మర్నాడు జరిగే సంభాషణ ఏ గని ఆవరణలోనైనా ఊహించుకోదగినదే. ‘నిన్న ఏమైంది?’ ‘దవాఖానకు పోయిన సార్.’ ‘సిక్ రాసిండ్రా?’ ‘లేదు సార్, పరీక్షలకు పోయిన.’ ‘అయితే నాగా.’

ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. కార్మికుడు నిజంగానే ఆస్పత్రికి వెళ్లాడు. పని చేయగలిగిన స్థితిలో ఉన్న మనిషిని పని చేయలేడని డాక్టరు రాయలేరు. డాక్టరు రాయని సిక్‌ను గని అధికారి నమోదు చేయలేరు. ముగ్గురూ తమ తమ నిబంధనల ప్రకారమే నడిచినా నష్టం మాత్రం ఒకరి పేరిటే పడుతోంది.

సెలవులు లేక కాదు

బొగ్గు కార్మికులకు సెలవులు తక్కువేమీ కావు. ఆ మాటకొస్తే ఈ ప్రాంతంలో చాలామంది కార్మికులకు అన్ని లేవు. సింగరేణికి కూడా వర్తించే జాతీయ బొగ్గు వేతన ఒప్పందాల కింద ఏడాదికి 15 రోజుల సిక్ లీవు పూర్తి వేతనంతో ఇస్తారు. మిగిలినవాటిని పరిమితి మేరకు కూడబెట్టుకోవచ్చు. క్షయ, క్యాన్సర్, గుండెజబ్బు, పక్షవాతం, మూత్రపిండాల వ్యాధి వంటి వాటికి సగం వేతనంతో ప్రత్యేక సెలవు ఉంది. ఇవి కాక వార్షిక సెలవు. 1952 నాటి గనుల చట్టం ప్రకారం ఏడాదిలో భూగర్భంలో 190, ఉపరితలంలో 240 హాజర్లు పూర్తి చేసిన వారికి అది దక్కేది. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలోని వృత్తి భద్రత కోడ్ ఈ అర్హతను 180 రోజులకు తగ్గించింది. భూగర్భంలో పనిచేసేవారికి ప్రతి 15 రోజుల పనికి ఒక రోజు, ఇతరులకు ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున సెలవు లెక్కగడతారు.

మరి సమస్య ఎక్కడుంది? ఈ సెలవులన్నీ రెండు స్థితులనే గుర్తిస్తాయి. ఒకటి, ముందే అనుకుని వెళ్లే ప్రయాణం. రెండోది, లేవలేని జబ్బు. వార్షిక సెలవుకు 15 రోజుల ముందు దరఖాస్తు చేసుకోవాలని పాత చట్టం చెప్పేది. అనారోగ్యం విషయంలో ఆ గడువు వర్తించదని మినహాయింపునూ ఇచ్చింది. ఆ మినహాయింపు కూడా ‘అనారోగ్యంతో ఉన్న కాలానికి’ అంటుంది తప్ప వైద్యానికి వెళ్లే రోజు గురించి మాట్లాడదు. చట్టాలు రాసిన కాలంలో కార్మికుడి జబ్బంటే మలేరియా, విరిగిన కాలు, నిమోనియా. పడుకుంటాడు, లేస్తాడు, పనికొస్తాడు. ముప్పయ్యేళ్లు మాత్రలు మింగుతూ, నడుస్తూ, పనిచేస్తూ, నెలనెలా డాక్టరును కలుస్తూ బతికే రోగి ఆ నిబంధనలు రాసినవారి ఊహలో లేడు. నేటి బాయి ముందు బారులు తీరే మధ్యవయస్కుల్లో కనిపించేది అతనే.

మన సంస్థ డాక్టరే డాక్టరు

సంస్థ ఆస్పత్రి చీటీ ఉంటేనే జబ్బు అన్న పద్ధతి మరో చిక్కు. రామగుండం ప్రాంతం వారికి గోదావరిఖని, మంచిర్యాల వైపు వారికి రామకృష్ణాపూర్, బెల్లంపల్లి ఏరియా ఆస్పత్రులున్నాయి. అక్కడ అందే వైద్యం అక్కడ చేయించుకోవడంలో ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ నరాల డాక్టరు కోసమో, మూత్రపిండాల డాక్టరు కోసమో కరీంనగర్ వెళ్లేవారున్నారు. హైదరాబాద్ వెళ్లేవారున్నారు. ఆదిలాబాద్ వైపు జనం తరతరాలుగా నాగపూర్ రైలెక్కుతున్నారు. కుటుంబానికి నమ్మకం కుదిరిన డాక్టరు ఎక్కడుంటే అక్కడికి వెళ్లడం మనిషి స్వభావం.

అలా వెళ్లినవారు తెచ్చే ప్రైవేటు సర్టిఫికెట్‌కు విచారణలో విలువ అంతంతమాత్రమే. డిస్మిస్ అయిన కార్మికులు వేసిన కేసుల్లో కార్మిక న్యాయస్థానాలు ఇచ్చిన అవార్డులు చదివితే ఒకే కథ పదేపదే ఎదురవుతుంది. ‘ఒంట్లో బాగోలేక రాలేకపోయాను’ అని కార్మికుడు చెబుతాడు. ‘సంస్థకు ఆస్పత్రులున్నాయి, నిజంగా జబ్బయితే అక్కడికే వచ్చి సిక్‌లో ఉండేవాడు కదా’ అని యాజమాన్యం బదులిస్తుంది. కార్మికుడి దగ్గర కాగితం ఉండదు, లేదా ఉన్న కాగితం చెల్లదు. చదువు తక్కువైన మనిషి అయిదేళ్ల కిందటి మందుల చీటీలు దాచిపెట్టుకుని ఉంటాడని ఆశించడం కూడా ఒక వింతే.

ఈ కేసుల్లో తరచూ ఉటంకించే స్టాండింగ్ ఆర్డరు 25.25. అలవాటుగా ఆలస్యంగా రావడం, తగిన కారణం లేకుండా అలవాటుగా గైర్హాజరు కావడం దుష్ప్రవర్తన అని అది చెబుతుంది. ‘తగిన కారణం’ అన్న రెండు మాటల చుట్టూ ఎన్ని కుటుంబాల బతుకు తిరిగిందో గోదావరిఖని కార్మిక న్యాయస్థానం మెట్లెక్కిన వారిని అడిగితే తెలుస్తుంది. ఏది తగిన కారణమో నిర్ణయించాల్సింది ఎవరు? నాడి పట్టిన డాక్టరా, షిఫ్టు నడిపే అధికారా? నిబంధనలో జవాబు లేదు. జవాబు లేని చోట చార్జిషీటు ఇచ్చే అధికారమున్న వారి మాటే చెల్లుతుంది.

అధికారి బాధా అబద్ధం కాదు

యాజమాన్యం వాదన తోసిపుచ్చదగింది కాదు. గైర్హాజరు సింగరేణిలో పాత జబ్బు. పొలం పనులకనీ, పెళ్లిళ్లకనీ, తాగి పడుకున్నందుకనీ, పక్కన నడుపుకునే వ్యాపారానికనీ మానేసి తరవాత దొంగ సర్టిఫికెట్ తెచ్చేవారు లేరని ఏ కార్మిక నాయకుడూ గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పలేడు. ఏడాదికి 100 మస్టర్లు కూడా నిండని వారిని కుటుంబసభ్యులతో సహా పిలిచి కౌన్సెలింగ్ చేయడం సంస్థలో ఏళ్లుగా నడుస్తోంది. భార్యాపిల్లల ముందు కూర్చోబెట్టి మస్టర్లు లెక్కచెప్పే ఆ పద్ధతి కొందరిని దారిన పెట్టిన మాటా వాస్తవమే.

షిఫ్టు బాధ్యుడి స్థితి ఇంకా ఇరుకైనది. భూగర్భంలో పని గుంపుగా సాగుతుంది. ఒకరు రాకపోతే మిగిలినవారి మీద భారం పడుతుంది. ఉపరితల గనిలో డంపర్ ఆపరేటర్ రాకపోతే కోట్ల రూపాయల యంత్రం ఊరికే నిలబడుతుంది. 2023-24లో సంస్థ 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న కార్మికుల సంఖ్య ఇప్పుడు సుమారు 40 వేలకు పడిపోయింది. మనుషులు తగ్గి లక్ష్యం పెరిగిన చోట ఒక్కరి గైర్హాజరు కూడా లెక్కకొస్తుంది. ఆ రోజు టన్నులకు జవాబు చెప్పాల్సిన మనిషే సెలవు ఇవ్వాలా వద్దా అని తేల్చాల్సిన మనిషి కూడా కావడం అసలు దోషం. అతని మంచితనం మీద కార్మికుడి వైద్యం ఆధారపడకూడదు. ఒక గనిలో ‘పోయి రా’ అనే అధికారి ఉంటాడు, పక్క గనిలో ‘చీటీ తే’ అనే అధికారి ఉంటాడు. ఒకే సంస్థ, ఒకే జబ్బు, రెండు న్యాయాలు.

కార్మికుడికీ నాగా వల్ల జీతమే కాక ఇంకొకటి పోతుంది. లాభాల వాటా పంచేటప్పుడు పనికి హాజరైన మస్టర్లను లెక్కలోకి తీసుకుంటారు. 2024-25 సంవత్సరానికి నికర లాభంలో 34 శాతం, అంటే రూ.819 కోట్లు కార్మికులకు ప్రకటించారు. దసరా ముందు చేతికొచ్చే ఆ సొమ్ముకోసం పరీక్షలు వాయిదా వేసుకునే వారుంటారు. వాయిదా పడిన పరీక్ష తరవాత డయాలసిస్ గదిలో తేలితే ఆ ఖర్చు భరించేది మళ్లీ సంస్థే. యాజమాన్యం లెక్కల మనుషులు ఈ లెక్క ఎందుకు వేయరో అర్థం కాదు.

అనుమానం పెరిగిన వైనం

గడచిన కొన్నేళ్లలో జబ్బు మీద అనుమానం పెరగడానికి మరో కారణం తోడైంది. వారసత్వ ఉద్యోగాలను పునరుద్ధరిస్తామని 2016లో ప్రకటించారు. 2017 మార్చిలో హైకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. ఆ తరవాత 2018 నుంచి కారుణ్య నియామకాల రూపంలో దారి తెరిచారు. కొత్తగూడెం ప్రధాన ఆస్పత్రిలో కూర్చునే మెడికల్ బోర్డు ‘ఇక పనికి పనికిరాడు’ అని అన్‌ఫిట్ చేస్తే అర్హులైన వారసుడికి ఉద్యోగం వస్తుంది.

ఉద్యోగాలు లేని ప్రాంతంలో ఇది వేల కుటుంబాలకు ఆసరా అయింది. అదే సమయంలో జబ్బుకు ఒక వెల కట్టింది. యాభై దాటిన కార్మికుడు నడుంనొప్పి అని ఆస్పత్రి మెట్లెక్కితే ‘బోర్డుకు దారి వేసుకుంటున్నాడు’ అన్న చూపు తప్పడం లేదు. నిజంగా నడుం విరిగినవాడికీ ఆ చూపే, నటించేవాడికీ ఆ చూపే. దళారులను నమ్మవద్దని యాజమాన్యమే పలుమార్లు హెచ్చరించాల్సి వచ్చిందంటే బోర్డు చుట్టూ ఎంత బేరం అల్లుకుందో ఊహించవచ్చు. ఈ అనుమానానికి మొదట బలయ్యేది పెద్ద జబ్బు వాడు కాదు. అతనికి స్కానింగ్‌లున్నాయి, రిపోర్టులున్నాయి. బలయ్యేది ఇంకా తేలని జబ్బుతో పరీక్షల కోసం తిరిగేవాడు. రోగ నిర్ధారణ అయ్యేదాకా అతని తిరుగుడంతా నాగాల ఖాతాలోకే వెళ్తుంది.

కోర్టు గడప దాకా వెళ్తే

న్యాయస్థానాలు ఈ విషయంలో కార్మికుల పట్ల పూర్తిగా కఠినంగా లేవు. అనుమతి లేని గైర్హాజరు ప్రతీదీ దుష్ప్రవర్తన కాదనీ, అది ఉద్దేశపూర్వకమని రుజువు చేయాల్సి ఉంటుందనీ, అనారోగ్యం, ప్రమాదం, ఆస్పత్రిపాలు కావడం వంటి తప్పనిసరి పరిస్థితులుంటే దాన్ని విధి పట్ల అలక్ష్యంగా చూడలేమనీ 2012లో కృష్ణకాంత్ పర్మార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకు మూడేళ్ల ముందు, 2009లో, ఆరు నెలలకు పైగా రాని కోల్ ఇండియా ఉద్యోగిని తొలగించడం తప్పుకు మించిన శిక్ష అంటూ తిరిగి తీసుకోమంది. అయితే మధ్యకాలపు జీతం ఇవ్వలేదు.

ఆ చివరి వాక్యంలోనే కార్మికుడి కథ ఉంది. గెలిచినా ఏళ్లు గడుస్తాయి. సింగరేణిలో ఒప్పందాల ద్వారానో, అవార్డుల ద్వారానో తిరిగి చేరిన వారిలో ఎందరో పాత సర్వీసు పోగొట్టుకుని కొత్తవారిగా చేరారు. పైగా ఏడాదిపాటు నెలకు కనీసం 20 మస్టర్లు చేయాలి, మూడు నెలలకోసారి సమీక్షిస్తారు, తగ్గితే నోటీసు లేకుండా తీసేస్తారు అన్న షరతు. జబ్బు వల్ల ఉద్యోగం పోయిన మనిషి తిరిగొచ్చాక జబ్బు చూపించుకోవడానికి వీల్లేని షరతు ఇది. ఆదివారాలు తీసేస్తే నెలకు ఆరు రోజులు మిగులుతాయి కదా అని ఎవరైనా అనవచ్చు. పండుగ, చావు, పెళ్లి, పిల్లవాడి జ్వరం అన్నీ అందులోనే ఇమడాలి.

ఫ్యాక్టరీ కార్మికుడికి ఈ విషయంలో కొంత రక్షణ ఉండేది. ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్ అనారోగ్య భృతి పొందుతున్న కాలంలో కార్మికుడిని తొలగించడాన్ని, శిక్షించడాన్ని నిషేధించింది. గనులు ఆ చట్టం పరిధిలో లేవు. సొంత ఆస్పత్రులున్న సంస్థకు ఈఎస్ఐ ఎందుకన్నది నాటి ఆలోచన. వైద్యం వరకు అది సరే. సెలవు చీటీ రాసే డాక్టరుకు జీతమిచ్చేదీ, ఆ సెలవు వల్ల నష్టపోయేదీ ఒకే యాజమాన్యం కావడం మాత్రం వేరే సంగతి.

బస్సు డ్రైవర్, పంతులమ్మ, బీడీ కార్మికురాలు

బొగ్గుబాయి దాటితే కథ మారదు, రంగు మారుతుంది. ఆర్టీసీ డ్రైవర్లకు పెద్దదిక్కు తార్నాకలోని ఆస్పత్రి. ఆదిలాబాద్ డిపో నుంచి అక్కడికి సుమారు 300 కిలోమీటర్లు. ఒక రోజు వెళ్లడానికి, ఒక రోజు చూపించుకోవడానికి. బండి నడపాల్సిన మనిషికి చూపు, బీపీ బాగుండాలని కోరేది సంస్థే. ఆ రెండూ చూపించుకోవడానికి వెళ్లే రోజు మాత్రం డిపో చార్టులో ఖాళీగా కనిపిస్తుంది. రంగుల గుర్తింపు లోపం బయటపడిందని ఒక డ్రైవర్‌ను ముందే ఇంటికి పంపిన వ్యవహారంలో సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 1న తెలంగాణ ఆర్టీసీని తప్పుపట్టింది. ప్రత్యామ్నాయ ఉద్యోగం చూపాలని ఆదేశించింది. 1979లోనే కార్మికులతో కుదిరిన ఒప్పందంలో ఆ హామీ ఉన్నా అమలుకు దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లాల్సి వచ్చింది. పరీక్షకు వెళ్తే ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నచోట పరీక్షకు వెళ్లేదెవరు?

ప్రభుత్వోద్యోగులు, ఉపాధ్యాయుల పరిస్థితి మెరుగు. ఏడాదికి 15 క్యాజువల్ లీవులు ఉన్నాయి. వాటిని సగం రోజుగానూ వాడుకోవచ్చు. 1933 నాటి సెలవు నిబంధనల కింద ఏడాదికి 20 రోజుల అర్ధవేతన సెలవు, వైద్య ధ్రువపత్రంతో దాన్ని కమ్యూట్ చేసుకునే వీలు ఉన్నాయి. ఇక్కడ తగాదా సెలవు లేక కాదు, ఇచ్చే మనసు లేక. ఉట్నూరు ఏజెన్సీలో ఇద్దరే టీచర్లున్న బడిలో ఒకరు ఆస్పత్రికి వెళ్తే బడి సగం మూతపడినట్లే. ప్రధానోపాధ్యాయుడి చిరాకును అర్థం చేసుకోవచ్చు. గర్భిణి అయిన టీచరమ్మకు 26 వారాల ప్రసూతి సెలవు 2017 నుంచి దేశమంతటా మాట్లాడుకున్న సంస్కరణే కావచ్చు. నెలనెలా పరీక్షలకు వెళ్లే రోజుకు ఏ చట్టమూ విడిగా సెలవు చెప్పలేదు. బ్రిటన్‌లో ఉద్యోగినికి ఆ పరీక్షల సమయానికి జీతంతో కూడిన హక్కు ఉంది. కారుణ్య నియామకాలతో సింగరేణిలో ఆడపిల్లల సంఖ్య పెరుగుతున్న కాలంలో గనుల్లోనూ ఈ ప్రశ్న నేడో రేపో ముందుకు రాక తప్పదు.

సిరిసిల్ల మరమగ్గం మీదా, జగిత్యాల, నిర్మల్ ఇళ్ల అరుగుల మీదా ఈ తగాదాయే లేదు. చుట్టిన బీడీలకే డబ్బు, నేసిన మీటర్లకే కూలీ. సెలవు అడగడానికి ఎదురుగా మనిషే ఉండడు. సింగరేణిలోనే కాంట్రాక్టు కార్మికుడు పక్క మనిషి సిక్ లీవు గొడవను విని నవ్వుకునే స్థితి. ఆ గొడవ కూడా అతనికి ఒక భాగ్యంలాంటిదే.

గల్ఫ్‌కు వెళ్లిన మన జిల్లాల వారికి మాత్రం ఈ లెక్కలు కంఠతా వచ్చు. సౌదీ చట్టంలో ఏడాదికి 30 రోజులు పూర్తి వేతనంతో, మరో 60 రోజులు మూడొంతుల వేతనంతో, 30 రోజులు వేతనం లేకుండా అనారోగ్య సెలవు ఉంది. యూఏఈలో మొత్తం 90 రోజులు, అందులో మొదటి 15 రోజులకే పూర్తి జీతం. అక్కడా నమ్మేది చీటీనే. పుస్తకంలో రోజులెన్ని ఉన్నా ఫోర్‌మన్ మొహం చూసి అడగాలా వద్దా అని ఆలోచించుకునే పరిస్థితి ఇక్కడి ట్రామర్‌కు పరాయిది కాదు.

దారి పాత చట్టంలోనే ఉంది

వైద్య పరీక్షకు వెళ్లిన సమయాన్ని పనిగా లెక్కించడం కొత్త కోరిక కాదు. గనుల చట్టం 9ఏ సెక్షన్ దీన్ని ఏనాడో ఒప్పుకుంది. వృత్తి ఆరోగ్య సర్వేకు ఎంపికైన కార్మికుడు పరీక్షలో గడిపిన సమయాన్ని పని సమయంగానే లెక్కించాలని అది చెప్పింది. అన్‌ఫిట్ అని తేలితే ప్రత్యామ్నాయ పని లేదా పరిహారం సంగతీ అందులో ఉంది. నిర్ణీత కాలానికోసారి యాజమాన్యమే పిలిచి చేయించే పీఎంఈ పరీక్షలు బొగ్గుబెల్టులో అందరికీ తెలిసినవే. ఇప్పుడు వృత్తి భద్రత కోడ్ నిర్దేశిత వయసు దాటినవారికి ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష చేయించే బాధ్యతను యాజమాన్యం మీద పెట్టింది.

అంటే సంస్థ పిలిస్తే పరీక్ష డ్యూటీలో భాగం. అదే పరీక్షలో బీపీ ఉందని తేలి, ‘నెలకోసారి వచ్చి చూపించుకో’ అని అదే డాక్టరు చెబితే, ఆ రెండో సందర్శన నాగా. ఒకే గది, ఒకే డాక్టరు, ఒకే గుండె. తేడా పిలిచింది ఎవరన్నదే. ఈ అతుకు లేని చోట అతుకు వేయడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. దీర్ఘకాలిక రోగుల పేర్లు సంస్థ ఆస్పత్రి దగ్గర ఎలాగూ ఉన్నాయి. వారికి చికిత్స కార్డు ఇచ్చి, తదుపరి తేదీ డాక్టరే రాసి, ఆ తేదీన గడిపిన పూటను సిక్ లీవు ఖాతాలోంచి సగం రోజుగానైనా తీసుకోనిస్తే నాగా అన్న మాటే పుట్టదు. కార్డు మీద వెళ్లిన వేళ, వచ్చిన వేళ ఆస్పత్రి ముద్ర ఉంటే దొంగ సర్టిఫికెట్ల భయమూ తగ్గుతుంది. తేదీ ముందే తెలుస్తుంది కనుక షిఫ్టు బాధ్యుడు మరో మనిషిని చూసుకోగలడు. మొదటి షిఫ్టు, రాత్రి షిఫ్టు వారి కోసం డిస్పెన్సరీలు సాయంత్రాలు మరికొంతసేపు తెరిచి ఉంచితే సగం గొడవ కార్డు దాకా కూడా రాదు.

ప్రైవేటు డాక్టరు చీటీని కళ్లకద్దుకోమని ఎవరూ అనరు. దాన్ని సంస్థ డాక్టరు పరిశీలించి ఫలానా గడువులోగా ఒప్పుకోవాలి, లేదా కారణం రాసి తిప్పిపంపాలి. ఇప్పుడు జరుగుతున్నది ఆ రెండూ కాదు. చీటీ ఫైల్లో పడి, రెండేళ్ల తరవాత విచారణలో ‘చెల్లదు’ అన్న మాటతో బయటికొస్తుంది. అప్పటికి దాన్ని సరిదిద్దుకునే అవకాశం ఉండదు.

ఈ విషయం మాట్లాడేందుకు వేదికలు ఉన్నాయి. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికల్లో గెలిచి ఏఐటీయూసీ గుర్తింపు సంఘమైంది. 11వ వేతన ఒప్పందం 2021 జులై 1 నుంచి ఐదేళ్ల కాలానికి కుదిరినది కాబట్టి 12వ ఒప్పందం చర్చల్లో సెలవుల అధ్యాయం ఎటూ తెరవాల్సిందే. అక్కడ వాదులాట సాధారణంగా రోజుల సంఖ్య మీద సాగుతుంది. పదిహేనా, ఇరవయ్యా అని. సిక్ లీవు ఖాతాలో రోజులు మిగిలి ఉండగానే నాగాలతో చార్జిషీటు అందుకున్న మనిషికి ఆ సంఖ్య పెరిగినా ఒరిగేదేమీ లేదు. పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి రావడంతో స్టాండింగ్ ఆర్డర్లనూ మళ్లీ చూసుకునే సందర్భం వచ్చింది. ‘తగిన కారణం’ పక్కన, డాక్టరు రాసిన తేదీన చికిత్సకు వెళ్లడం తగిన కారణమేనని ఒక్క వాక్యం చేర్చమని సంఘాలు అడగాలి. యాజమాన్యం కాదంటే ఎందుకు కాదో రాతపూర్వకంగా చెప్పించాలి.